కెరటాన్ని చూసి నవ్వినవాళ్ళు

ముప్పై ఏళ్ళకు పైగా నేను నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళలో సినిమాలు అరిచాను. అరవడమే నా ఉద్యోగం. మొదట రిక్షాలో, తరవాత ఆటోలో కూర్చుని, మైకు పట్టుకుని, మా హాల్లో ఏ బొమ్మ ఆడుతోందో ఊరూరా చెప్పేవాణ్ణి. హాలు కాగితాల్లో నన్ను "ప్రచార సిబ్బంది" అని రాశారు. ఆ సిబ్బంది మొత్తం నేనొక్కణ్ణే. ఊళ్ళవాళ్ళకి మాత్రం నేను "మైకు". మా ఆవిడకి కోపం వస్తే "ఇంట్లో మైకు కట్టెయ్యి" అనేది.

ఏడో తరగతితో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా మేష్టారు అనేవారు. ఆ తగువు ఇంకా తేలలేదు.

పని మానేశాక, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా అరుగు మీదకి వచ్చి సలహా అడుగుతుంటారు. అందరూ గొంతు గురించే అడుగుతారు. గొంతు గురించి చెప్పడానికి ఏమీ లేదు. బజ్జీలు తగ్గించండి, ముక్కుతో చదవకండి. అసలు అడగవలసింది వేరే ఉంది. బొమ్మ కళ్ళు చెదిరేలా ఉండి, కథ మాత్రం పేర్లు పడుతుండగానే తెలిసిపోతే, ఊళ్ళోకి వెళ్ళి ఏమని చెప్పాలి? అందం ఉంటే కథ లేకపోయినా నడుస్తుందా? ఈ ప్రశ్న నన్ను ఉద్యోగం చివరి రోజుల్లో బాగా ఇబ్బంది పెట్టింది. అందుకే రాస్తున్నాను.

సగం చెప్పి సగం దాచడం

మా హాలు యజమాని పాపారావు గారు. మంచివాడే, కానీ ఏ సినిమా వచ్చినా ఇలాంటిది మళ్ళీ రాదనేవాడు. మరుసటి శుక్రవారం మళ్ళీ వచ్చేది. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, కథ సగం చెప్పి ఆపెయ్యమని. పూర్వం హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకాల్లో అలాగే ఉండేది. కథానాయిక కష్టాల్లో పడేదాకా రాసి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. "మరి ఆ అన్నదమ్ములు కలిశారా?" అని ఒక్క క్షణం ఆగి, పాట పెట్టేవాణ్ణి.

ఒకసారి ఒక ఊరి కూడలిలో అలా ఆగాను. టీ కొట్టు బల్ల మీద కూర్చున్న ముసలాయన గ్లాసు దించకుండానే జవాబిచ్చాడు.

"కలవకపోతే సినిమా ఎలగవుద్దిరా? చిన్నప్పుడు అమ్మ పాడిన పాట ఒకటుంటాది. అది పాడగానే కలుస్తారు."

బల్ల మీదవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం హాల్లో చూద్దును కదా, అమ్మ పాటే. నేను దాచిన సగాన్ని జనం ఎప్పుడో తేల్చేసుకున్నారని ఆ రోజే నాకు బోధపడాలి. పడలేదు. "కనీ వినీ ఎరుగని కథ" అనే మాట నోటికి అలవాటైపోయింది. దండలో దారంలా ప్రతి సినిమాకీ అదే తగిలించేవాణ్ణి.

ఎర్రమ్మప్ప పెట్టిన షరతు

కళింగపట్నం దిక్కున సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట ఒకటి ఉంది. అక్కణ్ణుంచి ఎర్రమ్మ అని ఒకావిడ చేపల బుట్ట తీసుకుని నరసన్నపేట సంతకు వచ్చేది. నాకంటే పెద్దది, అందుకే అప్పా అనేవాణ్ణి. పేటలో ఆవిడ మాటంటే మాటే. ఆవిడ బాగుందంటే ఇరవై మంది ఆడవాళ్ళు మాట్నీకి బయలుదేరేవారు. బాగోలేదంటే ఆ సినిమా పోస్టరు మీద వలలు ఆరేసేవారు.

ఈ దశకం మొదట్లో ఒక పరమ పాత కథని నేను "కనీ వినీ ఎరుగని" అని ఆ పేటలో అరిచి వచ్చాను. ఆ తరవాత వారం, సంత దారిలో, బుట్ట నెత్తిన ఉండగానే ఆవిడ నా ఆటోకి అడ్డంగా నిలబడింది.

"ఒరే మైకూ, ఆపు. దిగు."

"ఏటప్పా, సేపలేవైనా మిగిలిపోయాయా?"

"నీ నోట్లో మన్ను పడ. కనీ వినీ ఎరగని కథన్నావు కదా? కుర్చీలో కూకున్న అర్ధగంటకే నా మనవరాలు సెప్పీసింది, ఆ గడ్డమోడే తండ్రని. దానికి తొమ్మిదేళ్ళు."

"కథ నాను రాయలేదు కదప్పా."

"రాయనోడివి ఎందుకరుస్తావు? నాను కుళ్ళిన సేపని తాజా అని అమ్మితే, మర్నాడు నా బుట్ట కాడికి ఎవులొస్తారు? ఇంకొక్కసారి అబద్ధం సెప్పావా, మా పేటలో ఒక్క మనిషి మీ హాలు గుమ్మం తొక్కదు. నీ మైకు సముద్రానికి సెప్పుకో."

ఆటో నడిపే గవరయ్య ముందు సీట్లో నవ్వు ఆపుకోలేక హారన్ మీద పడ్డాడు.

నాకు నవ్వు రాలేదు. నాకు చదువు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా నోరు. ఆ నోటి మీద నమ్మకం పోతే నేను వట్టి శబ్దాన్నే. ఆ రోజు నుంచి ఆ పేటలో నాకు మిగిలింది ఒకే ఒక్క అవకాశం. ఈసారి తప్పితే ఇంక లేదు.

కొత్త తెర

కొన్నాళ్ళకి పాపారావు గారు కొత్త తెర వేయించారు, గోడలకి కొత్త స్పీకర్లు పెట్టించారు. రాజుల కాలం, ఓడలు, తుఫాను ఉన్న పెద్ద సినిమా ఒకటి వస్తోంది. అంతా కంప్యూటర్లతో చేసిన మాయ. విడుదలకి ముందు ఉదయం తెర సరిగ్గా ఉందో లేదో చూడ్డానికని కొంత వేస్తే, మేం హాలు మనుషులం కూర్చున్నాం. కొంతలో ఆపబుద్ధి కాక మొత్తం నడిపించేశారు.

నిజం చెప్పాలి. తుఫాను వచ్చినప్పుడు నా నోరు మూతపడింది. అలా జరగడం మా ఆవిడ కూడా చూసి ఉండదు. కెరటం తెర కింది నుంచి లేచి లేచి పైఅంచు దాటిపోయి, మన నెత్తిన విరిగేలా నిలబడింది. నా పక్కన గవరయ్య తడిసిపోతాయేమోనన్నట్టు రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

కథ మాత్రం, రాజుగారి బిడ్డ తప్పిపోవడం, ఓడ నడిపేవాళ్ళ ఇంట పెరగడం, చెడ్డ మంత్రి. నేను గవరయ్య చెవిలో ఒక్కొక్కటీ ముందే చెబుతున్నాను.

"ఇప్పుడు మంత్రి మనుషులు వస్తారు."

"మావా, సెప్పకు. సూడనీ."

"ఏం, నీకు తెలిసిపోలేదేటి?"

"తెలిసినాది. అయినా సూడనీ."

ఈ మాట అప్పుడే నన్ను గిల్లింది. తెలిసినదాన్ని చూడనివ్వమని అడుగుతున్నాడేమిటి వీడు? ఆలోచించవలసింది. నేను లేచి టీకి వెళ్ళాను. తుఫాను అయిపోయింది కదా, ఇంక ఏముంటుందిలే అనుకున్నాను.

టీ తాగి వచ్చి మిగతాది చూసి బయటికి వచ్చాక పాపారావు గారు పట్టుకున్నారు.

"ఎలగున్నాది?"

"కెరటం బ్రహ్మాండం బాబూ. కథ పాతది."

"కొత్తదని సెప్పు."

"కొత్తది కాదు కదండీ."

"అయితే కొత్తగా సెప్పు. పేటోళ్ళు రావాలి. ఏటి సేస్తావో నాకు తెలీదు."

రోజంతా ఆలోచించి, నా వృత్తిలో ఎవరూ చెయ్యని పని చేశాను. మైకులో మొత్తం కథ చెప్పేశాను, దాచకుండా, చివరిదాకా.

అవి సముద్రంలో వేట ఆపేసే రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్ళు నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఆటో పేట మధ్యలో ఆపించి మొదలుపెట్టాను.

"అన్నలారా, అక్కలారా! ఈసారి అబద్ధం లేదు. రాజుగారి కొడుకు తప్పిపోతాడు, దొరుకుతాడు. మంత్రి చెడ్డవాడు, చస్తాడు. తల్లి కొడుకుని కలుస్తుంది. కథ ఇంతే, మీకు తెలిసిందే! కానీ అందులో వచ్చే కెరటం... అంత కెరటం మీరు పుట్టాక చూసి ఉండరు!"

వలల మీద నుంచి తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

గవరయ్య మెల్లగా నా వైపు వంగాడు. "మావా, ఈ మాట ఎవులికి సెప్పావో సూసుకున్నావేటి?"

అప్పుడు చూసుకున్నాను. ఆలస్యమైపోయింది. ఎర్రమ్మప్ప గుమ్మంలోంచి బయటికి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"కెరటం మేం సూళ్ళేదేటి? సరే, సూద్దాం. అందరం వస్తాం."

ఆ మాట్నీ

హాల్లో ఒకవైపు వరి పొలాల ఊళ్ళవాళ్ళు, రెండోవైపు పేట. నేను పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. కుర్రాళ్ళకి ఒక సలహా ఇస్తాను. సినిమా ఎలా ఉందో తెలియాలంటే తెర చూడకండి, తెర వెలుగు పడే ముఖాలు చూడండి.

కెరటం లేచింది. పొలాల వైపు "అబ్బా" అని ఒక్క పెట్టున ఊపిరి వినబడింది. ఒక పెద్దాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కథానాయకుడు ఓడని పక్కకి తిప్పి, ఒక కాలు అంచు మీద వేసి, కెరటానికి ఎదురుగా చాలా పెద్ద మాట ఒకటి అన్నాడు.

పేట వైపు నుంచి ఒక మగగొంతు లేచింది. "ఒరేయ్, ఓడ తలకాయ కెరటానికి పెట్రా! అడ్డంగా తిప్పుతావేటి, బోర్లా పడిపోతావు!"

ఇంక ఆగలేదు. "తెరసాప ఇటు ఉబ్బుతుంటే, వాడి జుట్టు అటు ఎగురుతున్నాదేటి?" అని ఒకావిడ. "రెండు గాలులు తెచ్చుకున్నాడే, ఒకటి ఓడకి, ఒకటి జుట్టుకి" అని ఇంకొకావిడ. పేట పేటంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఊరుకోండమ్మా, సూడనివ్వండి!" అని కండువా పెద్దాయన కసిరాడు.

"ఏటి సూస్తావు మావా, మునిగిపోతన్నాడు!"

తరవాత పాట వచ్చింది. పచ్చని పొలాలు, మధ్యలో నాయిక. పేట ఆడవాళ్ళు నవ్వు ఆపి, ఎంత సక్కగా ఉన్నాదో అన్నారు. ఈసారి పొలాల వైపు నుంచి నవ్వు లేచింది. ఒకే మడిలో ఒక చివర నాట్లు వేస్తున్నారు, రెండో చివర కంకులు పండి వంగి ఉన్నాయి.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని పేట.

"మీకు తెలీదులెండి" అని పొలం, ఇందాకటి బాకీ తీర్చుకున్నట్టుగా.

నాకు అప్పుడు అర్థమైంది. కళ్ళు చెదరాలంటే ఆ కళ్ళకి అసలుది తెలియకుండా ఉండాలి. తెలిసినవాడి ముందు ఎంత గొప్ప మాయ అయినా నవ్వులాటే. అర్థమైతే ఏం లాభం? నేను ఈ పేటకి అమ్మింది సరిగ్గా ఆ కెరటాన్నే. ఎర్రమ్మప్ప ముఖం కేసి చూడ్డానికి ధైర్యం చాలలేదు. నా మాట ఆ సముద్రంలోనే కలిసిపోయిందనుకున్నాను.

అంతలో తుఫాను తరవాతి దృశ్యం వచ్చింది. మొన్న నేను టీకి వెళ్ళిపోయిన చోటు అదే. అందులో మాయ ఏమీ లేదు. పెంచిన తల్లి ఒడ్డు మీద నిలబడి ఉంది. ఒక్కొక్క ఓడా చేరుతోంది. ఆడవాళ్ళు తమవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నారు. ఈవిడ మాత్రం సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. మనకి ఆవిడ ముఖం కనబడుతుంది, ఆ వెనక ఖాళీ నీళ్ళు కనబడతాయి. ఆవిడ తిరగదు. అంతే, చాలాసేపు.

పొలాల వైపు నుంచి కొందరు లేచి టీకి బయటికి వచ్చేశారు. నన్ను దాటుకుంటూ "కొడుకు వస్తాడులే, తెలిసిందే కదా" అనుకుంటూ వెళ్ళారు. తెలిసిందే. సినిమా ఇంకా సగం ఉంది, వాడి బొమ్మ గోడ గోడకీ ఉంది. వాడు చావడు.

కానీ పేట వైపు ఇందాక పొట్ట పట్టుకు నవ్వినవాళ్ళెవరూ కదలడం లేదు. ఎర్రమ్మప్ప ముందు కుర్చీ వీపుని రెండు చేతులతో పట్టుకుని ముందుకి వంగి ఉంది. తెరతో మాట్లాడుతోంది, పక్కవాళ్ళకి మాత్రమే వినబడేంత చిన్నగా. నేను దగ్గర్లో ఉన్నాను కాబట్టి విన్నాను.

"వస్తాడే అమ్మా. తిరుగు. తిరిగి సూడు."

నేను చెప్పకుండా వదిలేసింది

ఆట వదిలాక ఆవిడ కోసం గేటు దగ్గర నిలబడ్డాను, తన్నులు తినేవాడు వీపు ముందే చూపించినట్టు.

"అప్పా, కెరటం..."

"కెరటం అబద్ధం. ఆ గుంటడు మా పడవెక్కితే ఒడ్డునే దింపీసేవోళ్ళం."

"అయితే నా మాట పోయినట్టేనా?"

"ఆగు, ఎందుకు తొందర? కెరటం అబద్ధం గానీ, ఆ యమ్మ నిజం." గొంతు తగ్గించింది. "నా పెనిమిటి ఒకసారి నాలుగు రోజులు రాలేదు. నానూ ఒడ్డుకెళ్ళి సముద్రం కేసి సూళ్ళేదు. సూస్తే ఖాళీగా ఉంటాదని బయం. ఈ సంగతి ఎవులికీ సెప్పలేదు. ఆ సినిమావోడికి ఎవులు సెప్పారంటావు?"

జవాబుకి బదులు నేను ఇంకో ప్రశ్న వేశాను.

"కొడుకు వస్తాడని ముందే తెలుసు కదప్పా. నానే మైకులో సెప్పీసినాను. అయినా ఎందుకలాగైపోయావు?"

"తెలుసు కాబట్టే సూడగలిగాను రా. ఒడ్డు మీద నిలబడ్డప్పుడు వస్తాడో రాడో తెలీదు. ఈడ తెలుసు. అందుకే కళ్ళు మూసుకోకుండా ఆ యమ్మ మొహం సూసినాను." బుగ్గ తుడుచుకుని మళ్ళీ మామూలు మనిషైపోయింది. "నువ్వు సెప్పాల్సింది సెప్పలేదు. కెరటం గురించి అంత గొంతు సించుకున్నావు, ఆ యమ్మ గురించి ఒక్క ముక్క లేదు."

"అప్పుడు నాను టీ తాగడానికెళ్ళాను, అప్పా."

"తాగు. టీ తాగు. సినిమాలు మేం సూస్తాం."

అందం, కథ, నేను

ఇంత జరిగాక నా తీర్పు ఏమిటని కుర్రాళ్ళు అడుగుతారు. తీర్పు చెప్పేంత చదువు నాకు లేదు, అనుమానాలు మాత్రం ఉన్నాయి.

మా వైపు తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు చెప్పే కథలు పిల్లలకి కూడా కంఠతా వచ్చు. తెలిసిన కథ అని లేచి వెళ్ళినవాణ్ణి నేను చూడలేదు. ఆడేవాళ్ళ గుండెల మీద కట్టిన రేకు తప్పెట మోగుతున్నంతసేపూ కూర్చుంటారు. కాబట్టి కథ ముందే తెలియడం తప్పు కాదు. తెలిసిన చోటికే తీసుకువెళుతూ దారిలో ఏమీ చూపించకపోవడం తప్పు. ఈ తేడా నాకు ముప్పై ఏళ్ళు తెలియలేదు. కొత్త కథ, కొత్త కథ అని లేనిదాన్ని అరుస్తూ తిరిగాను.

అందం సంగతి ఇంకా చిక్కు. పొలాల ఊళ్ళవాళ్ళు ఆ కెరటం కోసమే రెండోసారి కూడా వచ్చారు. కండువా పెద్దాయన మూడుసార్లు వచ్చాడు. ప్రతిసారీ తుఫాను అయిపోగానే లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయనకి కథ అక్కర్లేదు, అందమే చాలింది. ఆయన్ని తప్పు పట్టగలనా? నేనూ మొదటిసారి అలాగే లేచిపోయాను కదా. అందం కథ లోటుని తీర్చగలదు, అసలుది చూడనివాడికి. పేటకి మాత్రం తిరగబడింది. అక్కడ అందం చేసిన లోటుని ఆ పాత కథే తీర్చింది. దీన్ని ఏ లెక్కలో వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఇప్పుడు ప్రచారం అంతా ముందే పట్టి ఉంచిన గొంతులతో జరుగుతోంది. ఆటో తిరుగుతుంది, గొంతు వినబడుతుంది, లోపల చెప్పే మనిషి ఉండడు. దాన్ని ఆపి దిగమని ఎవరూ తిట్టలేరు. తిట్లు తినని నోటికి ఏ ఊళ్ళో ఏం చెప్పాలో ఎప్పటికీ తెలియదు.

మాట్నీ మర్నాడు, పేటలో

"కెరటం గురించే సెప్పు, జనం దానికే వస్తున్నారు" అని పాపారావు గారు పంపించారు. పొలాల ఊళ్ళలో అలాగే చెప్పాను. పేటకి వచ్చేసరికి కెరటం మాట పక్కన పెట్టాను.

నిన్న రానివాళ్ళు ఇంకా సగం పేట ఉన్నారు. సినిమా చూసొచ్చిన మగవాళ్ళు ఆటోని చూడగానే మొదలుపెట్టారు. "మావా, ఆ రెండు గాలుల సంగతి సెప్పు!" "ఓడని అడ్డంగా ఎలగ తిప్పాలో మాకూ నేర్పు!" గవరయ్య ఆటో వెనక్కి తిప్పెయ్యనా అన్నట్టు చూశాడు.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. "అమ్మలారా, అందులో ఒక తల్లి ఉంది..." అన్నాను.  ఆవిడ నిలబడి ఉంటుందని చెప్పనా? నిలబడి ఉండడం కోసం ఎవరు వస్తారు?

ఎర్రమ్మప్ప వలలు దాటుకుంటూ వచ్చి, నా చేతిలోంచి మైకు లాక్కుంది. ఊదింది. తన గొంతు తనకే అంత పెద్దగా వినబడేసరికి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకి వచ్చింది.

"ఒసే, అందరూ ఇనండి. నిన్న రానోళ్ళు ఇయాళ రండి. కెరటం వస్తాది, అప్పుడు నవ్వుకోండి, నానూ నవ్వినాను. నవ్వడం అయినాక నోరు మూసుకోండి. ఒక యమ్మ వస్తాది. సముద్రం కేసి సూడదు. ఎందుకు సూడదో మీకు నాను సెప్పక్కర్లేదు."

వలల దగ్గర నవ్వులు ఆగిపోయాయి. ఇంటి గుమ్మాల్లో ఒక్కొక్క ఆడమనిషే కనబడింది.

"కొడుకు వస్తాడు" అందామె. "ముందే సెప్పీస్తన్నాను, బయపడకండి. వస్తాడు."

మైకు నా చేతిలో పెట్టేసింది.

"ఇంక ఆట ఎన్నింటికో నువ్వు సెప్పు."